ఎపాక్సీ సర్ఫ్‌బోర్డు పగులుకు అతుకు వేసినా నీళ్లు లోపలికి వెళ్తున్నాయి

నాది 7 అడుగుల ఎపాక్సీ (కలిపాక గట్టిపడే జిగురు లాంటి రెజిన్) బోర్డు, లోపల ఈపీఎస్ ఫోమ్, అంటే థర్మోకోల్ రకం. తోక దగ్గర అంచు మీద బొటనవేలంత పగులు. ఉంటున్నది బీచ్ దగ్గరి బ్యాక్‌ప్యాకర్ హాస్టల్లో కాబట్టి గరుకు కాగితం, టేపు, రెజిన్ తప్ప పనిముట్లు లేవు.

పగులు కిందికి ఉండేలా బోర్డును నీడలో 48 గంటలు నిలబెట్టాను. చుక్కలు ఆగాక మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, 80 నంబరు గరుకు కాగితంతో చుట్టూ రెండంగుళాల మేర రుద్దాను. పాలిస్టర్ రెజిన్ ఈపీఎస్‌ను కరిగించేస్తుంది గనక ఎపాక్సీనే, తూకం వేసి కలిపి వాడాను. పైన 4 ఔన్సుల (చదరపు గజానికి బరువు) ఫైబర్‌గ్లాస్ గుడ్డ ఒక పొర.

అయినా గంటసేపు అలల్లో ఉంటే బోర్డు బరువెక్కుతోంది. ఎండ తగిలిన పది నిమిషాలకు అతుకు అంచున, ఎప్పుడూ ఒకే చోట, ఆవగింజంత బుడగలు పొంగి ఉప్పునీరు కారుతోంది. కంటికి చీలిక కనిపించదు, గోరుతో గీస్తే సన్నగా తగులుతుంది.

అక్కడ పొద్దున రెజిన్ పూస్తే, ఎండ ఎక్కేకొద్దీ లోపలి గాలి వ్యాకోచించి తడి రెజిన్‌లో సూదిబెజ్జం చేసింది. సాయంత్రం చల్లబడేటప్పుడు పూస్తే బెజ్జం మూసుకుంది గానీ, రాత్రి తేమకు పైన జిడ్డు పొర కట్టి అంచు లేచింది. టేపు వేసి నీళ్లలోకి దిగడం మాత్రం నాకిష్టం లేదు, తడి లోపలే ఉండిపోయి ఫోమ్ పాడవుతుంది.

ఈ అతుకు మొత్తం పీకేసి ఫోమ్ ఆరాక మళ్లీ వేయాలా, లేక జిడ్డు కడిగి, రుద్ది, పాతదాని మీదే ఇంకాస్త పెద్ద గుడ్డ వేస్తే నిలుస్తుందా?