పెట్ పాస్‌పోర్ట్ మళ్ళీ వస్తే మంచిదేనా?

బ్రౌనీ అమ్మ:
ఆగస్టులో బ్రిటన్ నుంచి కారులో ఫ్రాన్స్ వెళ్ళొచ్చాం. మా కుక్క బ్రౌనీకి ఒంట్లో గుర్తింపు చిప్ ఉంది, రేబిస్ టీకా ఉంది. అయినా బయల్దేరే ముందు 10 రోజుల్లోపు వెట్ (పశువైద్యుడు) దగ్గర హెల్త్ సర్టిఫికెట్ రాయించాల్సిందే. అది ఆ ఒక్క ప్రయాణానికే పనికొస్తుంది, ఇంకోసారి వెళ్తే మళ్ళీ డబ్బు కట్టి కొత్తది. బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్, అంటే ఈయూ నుంచి బ్రిటన్ బయటికి రావడం) పూర్తిగా అమలైన 2021 జనవరికి ముందు, కుక్క చిప్, టీకాల వివరాలు రాసిన ఒక్క పెట్ పాస్‌పోర్ట్‌తో ఎన్నిసార్లైనా వెళ్ళేవాళ్ళం. దాన్ని తిరిగి తెస్తామని 2025 మేలో ఈయూతో మాటలయ్యాక ప్రభుత్వం చెప్పింది. త్వరగా తెస్తే బాగుండు. మీరేమంటారు?

కెంట్ కుర్రాడు:
నేనొప్పుకోనండీ. ఆ సర్టిఫికెట్ పుణ్యమా అని కుక్క ఒక్కసారైనా వెట్ కంటబడుతోంది. ఇక్కడి కుక్కల్లో రేబిస్ లేదంటే ఊరికే లేదు, 2000 దాకా బయటినుంచి వచ్చిన కుక్కని 6 నెలలు క్వారంటైన్‌లో ఉంచేవాళ్ళు. మా అక్క హైదరాబాద్ నుంచి తన కుక్కని తెచ్చుకోవడానికి, టీకా వేయించి 30 రోజులాగి రక్తపరీక్ష చేయించి, ఇంకో 3 నెలలు ఎదురుచూసింది. కష్టమే, కానీ అవసరం.

గోదారి గట్టు:
తమ్ముడూ, రేబిస్ సంగతి సరే. కానీ వెట్ చూసేది వెళ్ళేముందు, జబ్బు అంటేది అక్కడికెళ్ళాక. తిరిగొచ్చేటప్పుడు కొత్తగా వేయించమనే మందు బద్దెపురుగుది ఒక్కటే, 24 నుంచి 120 గంటల ముందు వెట్ వేసి రాయాలి. ఆ పురుగు మనుషుల కాలేయంలో చేరుతుంది కాబట్టి అది ఉండాల్సిందే. గోమార్ల మందు నిబంధన మాత్రం 2012లోనే, బ్రెగ్జిట్ మాట లేనప్పుడే, ఎత్తేశారు. 2016లో ఎసెక్స్‌లోని హార్లోలో, దేశం దాటని కుక్కలకి గోమార్ల ద్వారా బబేసియా (ఎర్రరక్తకణాల్ని పాడుచేసే జబ్బు) వచ్చింది. అంటే ఆ జబ్బు ఇక్కడి గడ్డిలోకే దిగిందన్నమాట.

స్పెయిన్ నుంచి వచ్చిన మూడోరోజు మా కుక్క జింబో చెవి వెనక మడతలో శనగగింజంత బూడిదరంగు కాయ తగిలింది. పులిపిరేమో అనుకుని టార్చ్ వేస్తే కాళ్ళు కదిలాయి. వెట్ చిన్న కొక్కెంతో మెలితిప్పి తీసి, మూత్రం ఎర్రగా వస్తే బబేసియా కావచ్చు, వెంటనే రమ్మన్నారు. రెండు వారాలు మాకు నిద్రల్లేవు. నా దగ్గర అప్పుడు కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి.

బ్రౌనీ అమ్మ:
అన్నా, ఇది చదివి ఇప్పుడే దాని చెవులు, కాలివేళ్ల సందులు అన్నీ వెతికాను. ఏమీ లేవు. పాస్‌పోర్ట్ కావాలనే ఇప్పటికీ అంటాను. అందులో బద్దెపురుగు మందు పక్కనే గోమార్ల మందుకీ వెట్ సంతకం తప్పనిసరి చేస్తే, కెంట్ గారూ, మీకు అభ్యంతరం ఉంటుందా?