డాఫ్నియా అడుక్కి పోవడం: ప్లాస్టిసిటీయా, ప్రకృతి వరణమా?

ప్రశ్న: చెరువులో చేపలు వదిలాక డాఫ్నియా (చేపలకు మేతయ్యే చిన్న నీటి జీవి) పగలు వెలుతురు తప్పించుకుని అడుక్కి పోతోంది. ఇది జన్యువులు మారకుండా అప్పటికప్పుడు తెచ్చుకున్న మార్పా (ప్లాస్టిసిటీ), తరాలుగా జన్యువుల్లో స్థిరపడిందా (ప్రకృతి వరణం)? తేల్చేదెలా అండీ?

జవాబు 1: ఒక్కో ఆడ డాఫ్నియా నుంచి ఒక్కో క్లోన్ పెంచండి. మగదాని అవసరం లేకుండానే పిల్లలు పుడతాయి కాబట్టి క్లోన్‌లో అన్నిటి జన్యురూపం ఒకటే. ముందుగా కనీసం 2 తరాలు ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే మేతతో పెంచాలి. చాలా ప్రయోగాలు ఇక్కడే చెడతాయి: తల్లికి తగిలిన చేపల వాసన ప్రభావం పిల్లల్లోనూ కనిపించి, జన్యు తేడా అని భ్రమపడతాం. తర్వాత ప్రతి క్లోన్‌లో సగం మామూలు నీళ్లలో, సగం చేపలుంచి వడగట్టిన నీళ్లలో పెట్టండి. ఎంత అడుక్కి పోతున్నాయో రెండింటిలోనూ కొలిచి, ఒక్కో క్లోన్ ఫలితాలను కలుపుతూ గీత గీయండి. గీత వాలితే ప్లాస్టిసిటీ. క్లోన్‌కో వాలు ఉంటే స్పందనలోనే జన్యు తేడా ఉందన్నమాట, వరణానికి సరుకు దొరికినట్టే.

జవాబు 2: ఆ చివరి మాటే కీలకం. బెల్జియంలోని ఊద్-హెవర్లే చెరువు బురదలో నిద్రాణంగా ఉన్న పాత గుడ్లను పొదిగించి చూశారు (2001లో ప్రచురితం). చేపలు బాగా ఉన్న కాలపు క్లోన్లు, అంతకుముందు వాటికన్నా చేపల వాసనకు గట్టిగా స్పందించాయి. అంటే ప్లాస్టిసిటీయే వరణానికి లోనై మారింది.

ప్రశ్న: మరి ప్లాస్టిసిటీ ఉంటే వరణం మందగించదా?

జవాబు 1: స్పందన సరిపోయినంతవరకు మందగిస్తుంది. కానీ అడుగున చలి, మేత తక్కువ, ఎదుగుదల నెమ్మది. చేపలు లేకుండా వాసనలాంటి సంకేతం తగిలితే ఆ నష్టం ఊరికే భరించాలి. అప్పుడు తక్కువగా స్పందించే క్లోన్లదే పైచేయి.