లిన్-4 పేపర్‌కి 2000కు ముందు ఎన్ని సైటేషన్లు వచ్చాయో ఎలా చూడాలి?

అందరికీ నమస్కారం. మా డిగ్రీ పిల్లల కోసం మైక్రో ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల పనిని అదుపు చేసే బుల్లి ఆర్‌ఎన్‌ఏ) మీద చిన్న వ్యాసం రాస్తూ జీవశాస్త్రవేత్త విక్టర్ ఆంబ్రోస్ దగ్గర ఆగిపోయాను.

1993లో ఆయన, రోజలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్ కలిసి సెల్ జర్నల్‌లో లిన్-4 పేపర్ వేశారు. ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ పురుగులో, ప్రొటీన్ తయారుచేయని లిన్-4 అనే బుల్లి ఆర్‌ఎన్‌ఏ ఒకటి (22 న్యూక్లియోటైడ్లే, అంటే గొలుసులో 22 అక్షరాల్లాంటివే!) లిన్-14 జన్యువుకి కళ్లెం వేస్తోందని అందులో చూపించారు. ఏదో పురుగుల వింతలే అనుకుని చాలామంది పట్టించుకోలేదు. 2000లో గ్యారీ రవ్‌కన్ ల్యాబ్ లెట్-7 అనే ఇలాంటి ఇంకో బుల్లి ఆర్‌ఎన్‌ఏని కనిపెట్టి, అది మనుషుల్లోనూ ఉందని చూపించాక గేట్లెత్తేసినట్టు పేపర్లు వచ్చిపడ్డాయి. 2024లో ఆంబ్రోస్, రవ్‌కన్ ఇద్దరికీ నోబెల్.

నాకు కావలసింది ఆ మధ్య ఏడేళ్లలో లిన్-4 పేపర్‌కి వచ్చిన సైటేషన్ల (దాన్ని ఉదహరించిన పేపర్ల) లెక్క. గూగుల్ స్కాలర్‌లో సంవత్సరాలు పెట్టి వెతికితే ఒక అంకె, ఓపెన్‌అలెక్స్‌లో (పరిశోధన పేపర్ల ఉచిత డేటాబేస్) ఇంకో అంకె. స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో రాకముందే బయటపెట్టే పేపర్లు) కూడా కలిపేస్తుంది, సరే. కానీ 1990లలో బయాలజీలో ప్రీప్రింట్లెక్కడివి? వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్ అనే డబ్బు కట్టి చూసే సైటేషన్ డేటాబేస్‌లకి మా కాలేజీలో సబ్‌స్క్రిప్షన్ లేదు.

ఆంబ్రోస్ హెచ్-ఇండెక్స్ (ఒకరి పేపర్లన్నిటి సైటేషన్లని ఒకే అంకెలో చెప్పే కొలత) మాత్రం వద్దండీ, ఇలాంటి కథ అందులో కనపడదు. లాగిన్ ఉన్నవాళ్లెవరైనా 1993 నుంచి 2000 దాకా ఏడాదివారీగా చూసి చెప్పగలరా? సొంత సైటేషన్లు (రచయితలు తమ పేపర్‌ని తామే ఉదహరించినవి) తీసేసిన లెక్కైతే ఇంకా మంచిది. ఉచితంగా చూసే దారేదైనా ఉందా?