ఎర్ర చెల్కలో వైన్ ద్రాక్ష: నేల చెడకుండా సాగు చేయగలమా?

నర్సంపేట రైతు:
మాకు రెండెకరాల ఎర్ర చెల్క ఉంది. ఇన్నేళ్లూ మిరప వేసి, మందులు కొట్టీ కొట్టీ విసిగిపోయాము. నాసిక్ తోటల్లో పనిచేసి వచ్చిన మా అన్న కొడుకు వైన్ ద్రాక్ష వేద్దామని, సేంద్రియ పద్ధతిలో బూజు తెగులుకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం ఒక్కటి కొడితే చాలని అంటున్నాడు. మా బోరు దసరాకు రెండంగుళాల నీరు పోస్తుంది కానీ, ఏప్రిల్ వచ్చేసరికి అరంగుళానికి పడిపోతుంది. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

హన్మకొండ నుండి, ఉద్యాన శాఖ విశ్రాంత ఉద్యోగి:
మీ అబ్బాయి చెప్పినది సగమే నిజం. బోర్డో మిశ్రమాన్ని సేంద్రియ సాగులో అనుమతిస్తారు గానీ, అందులోని రాగి నేలలో కరిగిపోయేది కాదు. పై మట్టిలో ఏటేటా పేరుకుని వానపాములకు చేటు చేస్తుంది. అందుకే ఐరోపా సమాఖ్య హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగిని మించరాదని హద్దు పెట్టింది. ఆ లెక్క ఎకరానికి ఏడాదికి దాదాపు 1.6 కిలోలు. ఒక శాతం మిశ్రమాన్ని ఎకరానికి 400 లీటర్లు కొడితే నాలుగు కిలోల మైలుతుత్తం, అంటే సుమారు కిలో రాగి పడినట్లే. రెండో పిచికారీకే ఆ ఏడాది వాటా దాటుతారు.

కనుక మందు పేరు మార్చడం కన్నా ఆకు మీద తడి నిలవకుండా చూడటం ముఖ్యం. వై ఆకారపు పందిరి వేసి, గుత్తుల చుట్టూ ఆకు పలచన చేసి, కాపు కోసం చేసే అక్టోబరు కత్తిరింపును వానలు వెనుదిరిగాకే చేపడితే బూజు తెగులు చాలావరకు తగ్గుతుంది. మరీ ఆలస్యం చేస్తే కోత వడగళ్ల రోజుల్లో పడుతుంది, అదొక చిక్కు. బోర్డో తప్పనిసరైతే, కలిపిన మిశ్రమంలో మెరిసే ఇనుప కత్తిని కాసేపు ముంచండి. కత్తికి ఎర్రని పూత పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట, అది కొడితే ఆకు మాడుతుంది.

పరకాల నుండి:
నాకు తెగులు కన్నా మీ బోరే భయం కలిగిస్తోంది. ఏప్రిల్ కత్తిరింపు తరువాత వచ్చే కొత్త కొమ్మల్లోనే తదుపరి పంటకు పూమొగ్గ రూపుకడుతుంది, మీ నీరు తగ్గేది సరిగ్గా అప్పుడే. డాగ్‌రిడ్జ్ అనే గట్టి ద్రాక్ష రకపు వేరుమూలం మీద అంటుకట్టిన మొక్కలు, డ్రిప్పు, మొదళ్ల చుట్టూ జానెడు మందాన వరిగడ్డి ఉంటే కొంత తట్టుకుంటాయి. మన ఊళ్లలో కోతలయ్యాక తగలబెట్టే గడ్డే కదా, అడిగితే ఊరికే ఇస్తారు. అయినా మొదట అరెకరానికి మించవద్దు.

హన్మకొండ నుండి:
వైన్ సంగతి కూడా ఒక మాట. తయారీకి ఆబ్కారీ అనుమతి తప్పనిసరి కనుక, మొక్క నాటకముందే కొనుగోలుదారును చూసుకోండి. కోత తెల్లవారుజామున ముగిస్తే చల్లని పండు వెళుతుంది, రసాన్ని చల్లబరిచే కరెంటు ఆదా అవుతుంది. పిండగా మిగిలే పిప్పి పుల్లనిది. దానిని పచ్చిగా తోటలో పోయకుండా పేడతో కలిపి కుళ్లబెట్టి వాడాలి.

నర్సంపేట రైతు:
అందరికీ కృతజ్ఞతలు. మా వాడికి రాగి లెక్క చూపించాను, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఈ వేసవిలో బోరు ఎన్ని గంటలు పోస్తుందో రోజూ రాసిపెట్టి, ఆ తరువాతే అరెకరం మాట తేల్చుకుంటాము.