ప్లాట్‌ఫారాలు సంపద పెంచుతున్నాయా, ఆశీలు వసూలు చేస్తున్నాయా?

పద్దురాయుడు:
ఆపిల్ యాప్ స్టోర్ కమీషన్ మామూలుగా 30 శాతం. ఏడాది రాబడి పది లక్షల డాలర్లు దాటని డెవలపర్లకు (యాప్‌లు తయారుచేసేవాళ్లకు) 2021 నుంచి 15. దీన్ని వృద్ధి అందామా, సంత గేటు దగ్గర ఆశీలు అందామా?

నిలువుగీత:
ఆశీలు అనడం తేలికేనండి. ఆ గేటు లేకపోతే ఒక్క డెవలపరే దేశదేశాల చెల్లింపులు, పన్నులు, రీఫండ్లు చూసుకోవాలి. పైగా ఫ్రీ సేవలు జీడీపీకి కనబడవు. ఆర్థికవేత్త బ్రిన్యోల్ఫ్‌సన్ బృందం 2019లో ప్రచురించిన సర్వేలో, ఏడాదిపాటు సెర్చ్ ఇంజన్లు మానుకోవడానికి అమెరికన్లు అడిగిన మధ్యస్థ మొత్తం 17,530 డాలర్లు!

పద్దురాయుడు:
అది వాడేవాడి మనసులోని విలువ, దాంతో ఎవరికీ జీతాలు రావు. ఇక 'ఫ్రీ' ఎక్కడుందండీ? ప్రకటన ఖర్చు సరుకు ధరలోకే ఎక్కుతుంది. ఆన్‌లైన్ అమ్మకందారు పద్దు చూడండి (అంకెలు ఉదాహరణకే): ధర 100. కమీషన్ 15, గోదాం-డెలివరీ 20, సెర్చ్‌లో పైన కనబడ్డానికి ప్రకటనలు 8, వాపసు సరుకు నష్టం 4. మిగిలేది 53, సరుకు ఖరీదు అందులోంచే. సొంత సైట్‌లో 90కి అమ్ముకోవచ్చుగా అంటారేమో. మెలిక అక్కడే. బయట ధర తక్కువుందని పసిగడితే ప్లాట్‌ఫారం ర్యాంకు దించేయగలదు. ఆ భయంతో బయటా 100 పెడతాడు. అంటే ఆ ప్లాట్‌ఫారం గడప తొక్కనివాడు కూడా దాని కమీషన్ మోస్తున్నాడు.

నిలువుగీత:
డెలివరీ 20ని ఆశీల్లో కలపకండి, అది ఎవరైనా చేయాల్సిన పనే. ప్రకటనల 8 సంగతి మాత్రం ఒప్పుకుంటా. అది వేలంపాట. పదిమందీ పాట పెంచితే వరస మారదు, ఖర్చే పెరుగుతుంది.

మూడోకన్ను:
శాతాల దగ్గరే ఆగిపోయారు, డిఫాల్ట్ సంగతి, అంటే మనం మార్చుకోకపోతే ముందే అమర్చి ఉండేదాని సంగతి, వదిలేశారు. బ్రౌజర్లలో, ఫోన్లలో డిఫాల్ట్ సెర్చ్‌గా ఉండటానికి గూగుల్ 2021లో 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. పోటీదారుకు సెర్చ్‌లు రాకపోతే డేటా రాదు, డేటా లేకపోతే ఫలితాలు బాగుపడవు, బాగాలేని దాన్ని ఎవరు వాడతారు?

పద్దురాయుడు:
యూరప్ డీఎంఏ (డిజిటల్ మార్కెట్స్ యాక్ట్, పెద్ద ప్లాట్‌ఫారాలను కట్టడి చేసే చట్టం) పెట్టింది కదా?

మూడోకన్ను:
పెట్టింది. గేట్‌కీపర్లు, అంటే ఆ చట్టం కిందికి తెచ్చిన పెద్ద ప్లాట్‌ఫారాలు, దాని నిబంధనలు పాటించాల్సిన గడువు 2024 మార్చి. బయట తక్కువకి అమ్మకూడదనే షరతు నిషిద్ధం. యాప్ డెవలపర్లు బయటి ఆఫర్ల గురించి చెప్పుకోనివ్వలేదని ఆపిల్‌కి 2025 ఏప్రిల్‌లో 50 కోట్ల యూరోల జరిమానా కూడా పడింది. కాకపోతే షరతు కాగితం మీదుంటే పట్టుకోవచ్చు. మీరన్న ర్యాంకు దింపుడు అల్గారిథం లోపల జరుగుతుంది. అమ్మకందారుకు కనబడేది అమ్మకాలు పడిపోవడమే. ధర మార్చిన తేదీ, ర్యాంకు పడిన తేదీ పక్కపక్కన పెట్టి చూపినా, 'రేటింగ్ తగ్గింది, స్టాక్ తక్కువుంది' అని చెప్పడం ప్లాట్‌ఫారానికి ఎంతసేపు?