బస్సుకు ఉకారం, బెంచికి ఇకారం

ఇంగ్లీషు మాటలను తెలుగులో బస్ అని పొల్లుతో (అచ్చు లేని హల్లుతో) ముగించాలా, బస్సు అని అచ్చుతో ముగించాలా అన్న చర్చ తరచూ సాగుతుంటుంది, అచ్చుతో ముగించేవారిని చదువురానివారిగా చూసేవారూ ఉన్నారు. ఆ చర్చకు, ఏడో తరగతి పిల్లవాడొకడు నన్ను అడిగిన ప్రశ్నను జోడిస్తున్నాను. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను.

మొన్న రెండో పీరియడులో పది మాటల డిక్టేషన్ పెట్టాను. పొద్దున హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంటు సార్’ అన్న ఆ పిల్లవాడు, బస్ అన్న మాటకు బీ, యూ, ఎస్, ఎస్, యూ అని రాశాడు. బెంచ్ అన్న మాటకు స్పెల్లింగంతా సరిగానే రాసి, చివర ఒక ఐ తగిలించాడు. రెండింటికీ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఒక్కొక్కటి ఐదుసార్లు రాసుకు రమ్మన్నాను. మధ్యాహ్న భోజనం అయ్యాక కాగితం నా చేతికిస్తూ, “సార్, బస్సుకేమో ఉ వచ్చింది, బెంచికి ఇ ఎందుకొచ్చింది? బెంచు అని ఎవరూ అనరు కదా!” అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఉకారం సంగతి అందరికీ తెలిసినదే. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష కనుక, హల్లుతో ముగిసే పరాయి మాట నోట్లో పడితే దానికి ఉకారం అంటుకుంటుంది. హ్రస్వం తరువాతి హల్లయితే చాలాచోట్ల ద్విత్వం కూడా వస్తుంది, అంటే ఆ హల్లు జంటగా పలుకుతుంది. పెన్ను, బస్సు, కప్పు, బుక్కు ఇలా వచ్చినవే. దీర్ఘం తరువాతైతే ఒంటి హల్లే నిలుస్తుంది కాబట్టి గేటు, కోటు, స్కూలు అంటాము. రోడ్డు వంటి కొన్ని ఈ లెక్కకు లొంగవు. ఇలా వచ్చిన మాటలు బహువచనంలో మన మాటల దారినే నడుస్తాయి. కాలు కాళ్లయినట్టు స్కూలు స్కూళ్లవుతుంది. చెట్టు చెట్లయినట్టు టికెట్టు టికెట్లవుతుంది. ఊరు ఊళ్లయినా, కారు మాత్రం ‘కాళ్లు’ కాకుండా కార్లుగా మిగలడం మన అదృష్టం.

అసలు విశేషం బెంచిలో ఉంది. పేజీ, కాలేజీ, వాచీ, బ్రిడ్జి, స్విచ్చి అన్న మాటలను వరుసగా పలికి చూడండి. ఇంగ్లీషులో చ, జ ధ్వనులతో ముగిసే మాటలకే ఈ ఇకారం వచ్చింది. కారణం తెలుగు చ, జలు రెండేసి రకాలుగా ఉండటమే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో చెప్పినట్టు, ఇ, ఈ, ఎ, ఏలతో కూడిన చ, జలు తాలవ్యాలు, అంటే అంగిలి దగ్గర పలికేవి. అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ, ఔలతో కూడినవి దంత్యాలు, అంటే పళ్ల దగ్గర పలికేవి. ‘చీమ’ అన్నప్పుడు నాలుక నడుమభాగం అంగిలికి తగులుతుంది. ‘చుక్క’ అన్నప్పుడు నాలుక కొస పైపళ్ల మొదళ్లకు తగులుతుంది. చంద్రుడు, జలం వంటి సంస్కృత పదాల్లో చ, జలు ఎప్పుడూ తాలవ్యాలే కనుక వాటిని పక్కన పెడుతున్నాను. ఇంగ్లీషు బెంచ్‌లోని చకారం చీమలోని చకారానికి దగ్గరిది. దానికి ఉకారం చేరిస్తే తెలుగు నోరు దానిని చుక్కలోని చకారంగా మార్చేస్తుంది. ఆ ధ్వని చెడకుండా ఉండాలంటే పక్కన ఇకారం రావాలి, అందుకే వచ్చింది.

మరి ఫీజు, సైజులకు ఇకారం ఎందుకు రాలేదని ఎవరైనా అడగవచ్చు. తెలుగులో జకారం రాస్తున్నాము గానీ, వాటి చివర ఇంగ్లీషులో వినిపించేది మన జున్నులోని దంత్య జకారానికి దగ్గరి ధ్వని. దానికి ఉకారంతో ఇబ్బంది లేదు. అన్నట్టు, ఫీజు ఇంగ్లీషులో అప్పటికే బహువచనం; మనం దానికి మళ్లీ ‘లు’ చేర్చి ఫీజులు కడుతున్నాము.

నేటి పిల్లల్లో చాలామంది బస్, బెంచ్ అని పొల్లుతోనే పలుకుతున్నారు, పత్రికలూ అలాగే రాస్తున్నాయి. దానిని తప్పు అనను. అయితే అచ్చుతో ముగించేవారిని చదువురానివారిగా చూడటం మాత్రం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఆ పిల్లవాడు ఇంగ్లీషు స్పెల్లింగు తప్పినా, తెలుగు ధ్వనుల నియమాన్ని ఒక్కచోట కూడా తప్పలేదు.

మర్నాడు నల్లబల్ల మీద చీమ, చుక్క రాసి తరగతికంతటికీ ఇది చెప్పాను. అందరూ నోట్లో వేలు పెట్టుకుని నాలుక ఎక్కడ తగులుతుందో చూసుకుంటుంటే, ఆ పిల్లవాడు లేచి, “మరి స్కెచ్ పెన్నులో చకారానికి ఏమీ రాలేదేం సార్?” అన్నాడు. మాట అక్కడితో ముగియలేదు కాబట్టి అచ్చు అవసరం పడలేదన్నాను. కాసేపు ఆలోచించి, “ఔను సార్, బస్టాండులో కూడా బస్సు ఉకారం పోయింది” అని కూర్చున్నాడు.