అప్‌డేట్: అమ్మ షుగరు 6.2 నుంచి 5.8కి

అమ్మకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చూపే రక్తపరీక్ష) 6.2 శాతం వచ్చిందని, ఫంక్షనల్ మెడిసిన్ పద్ధతిలో మూలకారణాలు వెతుకుతూ ఒక్కో మెట్టుగా వెళ్లవచ్చా అని అడిగాను కదా. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. తాజా పరీక్షలో 5.8 వచ్చింది! 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగరు వ్యాధికి ముందు దశ కాబట్టి ఇంకా గట్టెక్కలేదు, కానీ చాలా ధైర్యం వచ్చింది.

మొదటి మెట్టు కంచమే. ముందు బీరకాయ కూర, గట్టి పప్పు తింటుంది. అన్నం ఆ తర్వాత, ఒక్క గరిటె. పిండిపదార్థం చివర్లో తింటే చక్కెర ఒక్కసారిగా ఎగబాకదని మా డాక్టరు చెప్పారు. భోజనమయ్యాక కాసేపు వాకిట్లోనే నడక. నిజానికి ఈ నడకే అన్నిటికన్నా సులువుగా అలవాటైంది.

ఒక క్లినిక్‌లో ఏ ఆహారం పడదో చెబుతామంటూ ఐజీజీ (రక్తంలోని ఒక రకం యాంటీబాడీ) ఆహార పరీక్షలు, సప్లిమెంట్ల ప్యాకేజీ చేయించుకోమన్నారు. వద్దన్నాం. ఐజీజీ ఉన్నంత మాత్రాన ఆ ఆహారం పడదని అర్థం కాదు, తిన్నదానికి శరీరం చూపే మామూలు స్పందన అది. అమ్మ పూర్తి శాకాహారి కనుక విటమిన్ బి12 మాత్రం పరీక్ష చేయించాం. తక్కువగా ఉంది, మాత్రలు రాశారు.

ఇక మిగిలింది నిద్ర. గురక ఎక్కువ, పగలు కునికిపాట్లు. స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం) ఉందేమో చూడాలన్నారు, వచ్చే వారం పరీక్ష.